నలభై మూడు నిమిషాలు, కొంచెం వేగంగా

దరఖాస్తు ఫారంలో పదమూడో గడి ఖాళీగా వదిలేసి ఉంటే ఈ కథ జరిగేది కాదు. ఆ గడి మీద "కళాకారుని ప్రత్యేక ప్రతిభ" అని ఉంది. నేను "సెకనుకు పద్నాలుగు స్వరాలు వాయించగలడు" అని రాశాను. అబద్ధం కాదు. అబద్ధమైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆ ప్రతిభ గలవాడు ఎలీషా, మా బ్యాండ్ గిటారిస్టు. నేను డ్రమ్స్ వాయిస్తాను. జోగారావు బేస్ గిటార్. మంజూష కీబోర్డు, అంటే వయొలిన్లు, బూరలు, గంటలు కలిపి ఒక నిండు ఆర్కెస్ట్రా ఆమె పది వేళ్ల కింద ఉంటుంది. విశాఖపట్నంలో మూతబడ్డ ఒక ఐసు ఫ్యాక్టరీలో మూడేళ్లు చెమటలు కక్కి మేం నలుగురం "ఏడో కెరటం" అనే ఆల్బమ్ చేశాం. వినడానికి మెటల్ సంగీతమే. కానీ దాని అడుగున మూడు వందల ఏళ్ల కిందటి యూరప్ చర్చిల్లో పుట్టిన అల్లిక ఉంటుంది. ఒకరు ఎత్తుకున్న ముక్కను రెండోవారు అందుకుంటారు, మొదటివారు ముందుకు వెళ్లిపోతారు, మూడోవారు వెనక నుంచి వచ్చి కలుస్తారు. తుఫానులో చిక్కుకున్న ఓడ ఆరు కెరటాలు దాటి ఏడో కెరటం మీద ఒడ్డుకు చేరడం కథ. ఏడు భాగాలు, మధ్యలో ఆగకుండా నలభై మూడు నిమిషాలు.

ఎలీషాకు ఆ అల్లిక నేర్పింది సలోమీ టీచర్. వయసు డెబ్బై నాలుగు. నలభై ఏళ్లుగా చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నారు. శిష్యుడు ఏ పాఠమైనా మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా వాయిస్తే అతని పుస్తకంలో ఆ పాఠం పక్కన సంతకం పెట్టడం ఆవిడ పద్ధతి. ఎలీషా ఆవిడ దగ్గర తొమ్మిదేళ్లు నేర్చుకున్నాడు. అతని పుస్తకంలో నూట పన్నెండు పాఠాలున్నాయి, ఒక్క సంతకం లేదు. ప్రతి పాఠంలోనూ చివరి పది వరుసలకు వచ్చేసరికి వాడికి సొంత ఆలోచన ఏదో తట్టి దారి తప్పేవాడు.

ఆల్బమ్ పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళితే ఆవిడ ఆ డిస్కును రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి ఇచ్చేశారు.

"కంప్యూటర్‌లో ముక్కలు అతికించి ఉంటావు. నా ఎదురుగా కూర్చుని మొదట్నుంచి చివరిదాకా వాయించు. అప్పుడు సంతకం పెడతాను. నాకు మోకాళ్లు బాలేవు, ఒక్కసారే వస్తాను. ఎక్కడో చూసి చెప్పు."

మా ఐసు ఫ్యాక్టరీకి నిచ్చెన ఎక్కాలి. కల్యాణ మండపాల వాళ్లు మా పేరు వింటేనే ఫోన్ పెట్టేస్తారు. మిగిలింది టీచర్ ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న నాదవనం ఆడిటోరియం. దాన్ని సాంస్కృతిక సమన్వయ మండలి నడుపుతుంది. స్థానిక కళాకారులకు హాలు ఉచితం, ఉదయం పది నుంచి ఒంటి గంట వరకు. అలా ఆ ఫారం నా చేతికి వచ్చింది.

మండలి కార్యక్రమ సమన్వయాధికారి ముద్దాడ విశ్వేశ్వర పాత్రుడు గారు చెడ్డవారు కాదు. మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. ఆ నెలలోనే మండలికి సమయ సద్వినియోగం అనే కొత్త ఉత్సాహం పట్టుకుంది. ఆయన బల్ల మీద మూడు గడియారాలున్నాయి. పదమూడో గడి చదివి ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. మొత్తం ఆల్బమ్‌లో గిటారు స్వరాలు ఎన్ని అని అడిగారు. ఎలీషా ఎంతో గర్వంగా పదకొండు వేల రెండు వందలని చెప్పాడు. వాడు అన్నీ రాసుకున్నవాడు.

పాత్రుడు గారు కాలిక్యులేటర్ దగ్గరికి లాక్కున్నారు.

"పద్నాలుగుతో భాగిస్తే ఎనిమిది వందల సెకన్లు. అనగా పదమూడు నిమిషాల ఇరవై సెకన్లు. మీరు నలభై మూడు నిమిషాలు కోరియున్నారు. మిగతా ఇరవై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లలో కళాకారుడు ఏ విధులు నిర్వర్తించును?"

అన్ని స్వరాలూ ఆ వేగంతో ఉండవని ఎలీషా వివరించాడు. మూడో కెరటంలో దూరంగా దీపస్తంభం కనిపించే చోట ఒకే స్వరం పన్నెండు సెకన్లు నిలుస్తుందని, అది మా ఆల్బమ్‌కు ప్రాణమని చెప్పాడు.

"ఒకే స్వరానికి పన్నెండు సెకన్లు," అని పాత్రుడు గారు రాసుకున్నారు. రాసింది పైకి చదివారు. "సామర్థ్యము ఉండియు తక్కువ పని చేయుచున్నట్లు గమనించడమైనది."

మంజూష నిశ్శబ్దాల గురించి చెప్పబోయింది. సంగీతంలో ఆగే చోట్లకు కూడా అర్థం ఉంటుందని ఆమె వాదన. నిశ్శబ్దం ప్రేక్షకులకు ఇళ్ల దగ్గర ఉచితంగా లభిస్తున్నదని, దాని కోసం మండలి ఏసీ నడపలేదని ఆయన మర్యాదగా చెప్పారు. ఫైలు ఉపసంఘానికి వెళ్లింది.

స్వర హేతుబద్ధీకరణ ఉపసంఘంలో ముగ్గురు సభ్యులు. ఒకరు కాలువల శాఖలో రిటైరైన ఇంజనీరు, ఒకరు బస్ డిపో మేనేజరుగా చేసినాయన, ఒకరు కాలేజీలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే మేడమ్. ముగ్గురూ నిచ్చెన ఎక్కి మా ఐసు ఫ్యాక్టరీకే వచ్చి నలభై మూడు నిమిషాలూ విన్నారు. ఆ మాట వాళ్ల తరఫున చెప్పుకోవాలి.

ఇంజనీరు గారు ఎక్కడెక్కడ స్వరం కారిపోతోందో గుర్తులు పెట్టుకున్నారు. నిడివైన స్వరాలు, విరామాలు అన్నీ ఆయన లెక్కలో లీకేజీలు. వాటిని పూడ్చితే పదమూడు నిమిషాల ఇరవై సెకన్లు. డిపో మేనేజరు గారు మా రెండో కెరటం ప్రతి మలుపులో ఆగుతోందని, దాన్ని ఎక్స్‌ప్రెస్ చేయమని సలహా ఇచ్చారు. అసలు దెబ్బ మేడమ్ కొట్టారు. నాలుగో కెరటంలో మేం ఎంతో కష్టపడి అల్లిన చోట, ఒకే ముక్కను ముందు గిటార్, తర్వాత కీబోర్డు, ఆ తర్వాత బేస్ వాయించడం ఆవిడ పసిగట్టారు.

"ఒకే పనిని ముగ్గురు ఉద్యోగులు విడివిడిగా చేస్తున్నారు. ఒకరు చేస్తే చాలదా?"

చాలదని ఎలీషా అన్నాడు. ఆవిడ చాలా ఓపికగా, పోనీ ముగ్గురూ ఒకేసారి మొదలుపెడితే ముగ్గురిదీ ఒకేసారి అయిపోతుంది కదా అని రాజీమార్గం చూపించారు. దాంతో ఎనిమిది నిమిషాలకు వచ్చాం.

ఆ సూత్రం ఉపసంఘానికి బాగా నచ్చింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన ఉత్తర్వులో దాన్ని మరికాస్త ముందుకు తీసుకెళ్లారు. ఆల్బమ్‌లో భాగాలు ఏడు, కళాకారులు నలుగురు. కావున తలా ఒక భాగం చొప్పున నాలుగు భాగాలు ఏకకాలంలో వాయించి, తర్వాత మిగిలిన మూడు భాగాలు ఏకకాలంలో వాయించవలెను. ఆ మూడింటి సమయంలో ఖాళీగా ఉండే నాలుగో కళాకారుడు కుర్చీలు సర్దుటకు వినియోగపడవలెను. మొత్తం సమయం రెండు నిమిషాలు, పన్నెండు యాభై ఆరు నుంచి పన్నెండు యాభై ఎనిమిది వరకు. మిగిలిన రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాల్లో జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, ప్రసంగాలు, సత్కారాలు, వందన సమర్పణ.

నాలుగో కళాకారుడు నేనేనని నాకు వెంటనే అర్థమైంది.

ఎలీషా ఉత్తర్వు చింపలేదు, అరవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. టీచర్‌కు తేదీ చెప్పేశాం. ఆవిడ ఆ రోజు కోసం మోకాళ్లకు నూనె రాయించుకుంటున్నారని చర్చిలో చెప్పుకుంటున్నారు.

"ఒరే గోవిందూ, అన్నిటికీ సరేనందాం. స్టేజీ మీద మొదలుపెడితే నేనిక ఆపను. ఎవడు ఆపుతాడో చూద్దాం," అన్నాడు నాతో.

ఎవరు ఆపుతారో నాకు తెలుసు. మా బృందంలో మండలి వారి ముప్పై ఒక్క పేజీల నియమావళి చదివింది నేనొక్కణ్ణే. రెండో కెరటం మొదట్లో డ్రమ్మర్‌కు రెండు నిమిషాలు పని ఉండదు. రోజూ ఆ రెండు నిమిషాల్లో చదివేవాణ్ణి. ఒంటి గంటకు హాలు వాచ్‌మన్ అప్పలకొండ మెయిన్ స్విచ్ దించి, తలుపులు వేసి, అన్నానికి వెళతాడు. ఎలక్ట్రిక్ గిటార్‌కు కరెంటు లేకపోతే అది చెక్క. పాతికేళ్లలో అప్పలకొండ ఒక్కసారి మాత్రమే ఇబ్బందుల్లో పడ్డాడు. ఒక ముఖ్య అతిథి ప్రసంగిస్తుండగా అలవాటు కొద్దీ స్విచ్ దించేశాడు. ఆయన మైకు ఆగిన సంగతి గమనించక చీకట్లోనే ఇరవై నిమిషాలు మాట్లాడి, దిగబోతూ మెట్టు తప్పారు. ఆ తర్వాత పదిహేడో నియమం పుట్టింది. ముఖ్య అతిథి వేదికపై ఆసీనులై ఉన్నంతవరకు కరెంటు తీయరాదు, తలుపులు మూయరాదు, సిబ్బంది కదలరాదు. అది అతిథులకు వర్తించేది. గిటారిస్టులకు కాదు.

రిహార్సల్స్‌కు మండలి ఒక స్టాప్‌వాచ్ ఇచ్చి పంపింది. రోజూ ఎంత తగ్గిందో సాయంత్రానికి ఫోన్ చేసి చెప్పాలి. మేం సరేనన్నాం కాబట్టి చూపించడానికైనా వేగం పెంచాల్సి వచ్చింది. అది ఎలీషాకు పట్టుకుంది. టీ ఒక్క గుక్కలో తాగేసేవాడు. వాక్యం మనం సగంలో ఉండగానే జవాబు చెప్పేవాడు. దీపస్తంభం స్వరం పన్నెండు సెకన్ల నుంచి పదికి, తొమ్మిదికి జారడం మంజూష గమనించి నాతో చెప్పింది. వాడితో చెప్పడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

వారం ముందు పాత్రుడు గారు ఫోన్ చేశారు. వేదిక మీద ఏడు కుర్చీలు ఉండి తీరాలని నియమం. అతిథులు ఆరుగురే కుదిరారు. ఖాళీ కుర్చీ ఫొటోలో పడితే మండలికి అప్రతిష్ఠ. మా తరఫున కాస్త పెద్ద వయసువారు ఎవరైనా ఉంటే పేరు చెప్పమన్నారు, మాట్లాడవలసిన అవసరం లేదన్నారు. నేను సలోమీ టీచర్ పేరు చెప్పాను. ముందు వరుసలో కూర్చున్నా, స్టేజీ మీద కూర్చున్నా ఆవిడకు వినపడుతుంది కదా అనుకున్నాను. నిజంగా అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

ఆ ఆదివారం పదింటికి హాలు నిండింది. నలుపు చొక్కాల కుర్రకారు సగం, చర్చి వాళ్లు సగం. ఏడు సింహాసనాల్లాంటి కుర్చీలు వేదిక మధ్యలో వేశారు. మిగిలిన జాగాలో మేం సర్దుకున్నాం. నా పెద్ద డ్రమ్ము వేదిక మీద, దాని పక్కన ఉండాల్సిన ఇత్తడి తాళాలు తెర వెనక ఉన్నాయి. టీచర్ కర్ర ఊతంతో వచ్చి ఏడో కుర్చీలో కూర్చున్నారు. ఒళ్లో ఎలీషా పాత పుస్తకం, దాని మీద పెన్ను.

మండలి అధ్యక్షులు, అంటే ఆ రోజు ముఖ్య అతిథి, పదకొండు పదికి వేంచేశారు. దీపం కుందిలో ఏడు వత్తులు, ఏడుగురు అతిథులు. ఫ్యాను గాలికి మూడో వత్తి ఆరినప్పుడల్లా మొదటి నుంచి వెలిగించారు. తర్వాత ప్రసంగాలు. ఒక అతిథి యువత వేగం తగ్గించుకోవాలని హెల్మెట్ల గురించి చెప్పారు. ఒకాయన తన చిన్నప్పటి హార్మోనియం గురించి మొదలుపెట్టి అది పోయిన రోజు దగ్గర కంటతడి పెట్టారు. సెకనుకు పద్నాలుగు స్వరాల గురించి నలుగురు ప్రస్తావించారు. అధ్యక్షుల వారు ఈ స్ఫూర్తితో మున్ముందు సెకనుకు ఇరవై సాధించాలని పిలుపునిచ్చారు. ఏడుగురికీ శాలువాలు కప్పారు. టీచర్ తన శాలువాను మడిచి కుర్చీలో వేసుకుని దాని మీద సుఖంగా కూర్చున్నారు.

పన్నెండు యాభై ఒకటికి అధ్యక్షుల వారి చెవిలో ఎవరో ఏదో చెప్పారు. ఇంకో చోట ప్రారంభోత్సవం ఉందట. ఆయన లేచారు. ఆయనతో పాటు అయిదుగురు అతిథులు, వాళ్లతో వచ్చిన ఫొటోగ్రాఫర్లు, దండలు మోసేవాళ్లు, అందరూ లేచారు. నిమిషంలో వేదిక ఖాళీ అయింది. ఆరు ఖాళీ కుర్చీలు, చివరి దాంట్లో టీచర్.

యాభై ఆరుకు పాత్రుడు గారు చెయ్యి ఊపారు. ఎలీషా మొదటి కెరటం ఎత్తుకున్నాడు. నలుగురం నాలుగు వాయించలేదు, నలుగురం ఒకటే వాయించాం. పాత్రుడు గారికి ముప్పై సెకన్లలో విషయం అర్థమైంది. మమ్మల్ని ఆపమని సైగ చేశారు. ఎలీషా కళ్లు మూసుకున్నాడు. యాభై ఎనిమిదికి ఆయన మైకు దగ్గర నిలబడి వందన సమర్పణ చేశారు, పెదవులు కదలడం మాత్రం కనిపించింది. యాభై తొమ్మిదికి వేదిక పక్కన స్విచ్ బోర్డు తలుపు తెరుచుకుంది. అప్పలకొండ చెయ్యి పైకి లేచింది.

మేం అప్పుడే రెండో కెరటంలోకి వచ్చాం. అంటే డ్రమ్మర్‌కు పని లేని రెండు నిమిషాలు. నేను కర్రలు పడేసి పరిగెత్తాను.

పదకొండో నియమం నాకు ఆ పరుగులో గుర్తొచ్చింది. ముఖ్య అతిథులు ఎప్పుడూ మధ్యలోనే వెళ్లిపోతారు కాబట్టి, మండలి కార్యక్రమం ఏదీ ముఖ్య అతిథి లేకుండా ముగిసినట్టు రికార్డుల్లో ఉండకూడదని పెట్టిన నియమం అది. స్విచ్ బోర్డుకు అడ్డంగా నిలబడి, జేబులోంచి నియమావళి తీసి, పాత్రుడు గారికి ఆ పేజీ చూపించాను. ముఖ్య అతిథి మధ్యలో నిష్క్రమించిన ఎడల, వేదికపై మిగిలిన అతిథులలో వయసున పెద్దవారు ముఖ్య అతిథిగా పరిగణింపబడుదురు.

ఆయన చదివారు. వేదిక వైపు చూశారు. మళ్లీ చదివారు. ఆయన తడబడ్డారు, కానీ నియమాన్ని దాటే మనిషి కాదు. ఎవరో ఒకరు దాన్ని పాటించాలి కదా అన్నట్టు అప్పలకొండ చేతిని మెల్లగా కిందికి దించారు.

"ఏటి సారూ, ఒంటిగంటయిపోనాది. నా కూడు సల్లారిపోతంది," అన్నాడు అప్పలకొండ.

"ముఖ్య అతిథి వారు ఆసీనులై ఉన్నారు," అన్నారు పాత్రుడు గారు. "పదిహేడో నియమం నీ వల్లే వచ్చింది."

నేను సరిగ్గా నా వంతుకు కర్రలు అందుకున్నాను.

ఆ తర్వాత జరిగింది సంగీతం, కాబట్టి చెప్పడానికి పెద్దగా లేదు. నాలుగో కెరటంలో ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వచ్చి కలిసినప్పుడు చర్చి వాళ్లు తలలెత్తారు. నల్ల చొక్కాలు తలలూపడం ఆపేశాయి. ఆరో కెరటంలో ఎలీషా నిజంగానే సెకనుకు పద్నాలుగు వాయించాడు, ఎవరూ లెక్కపెట్టలేదు. ఏడో కెరటంలో చివరి పది వరుసలు వచ్చాయి. వాడు ఎప్పుడూ దారి తప్పే చోటు. వాడు తప్పలేదు. ఓడను ఒడ్డుకు చేర్చి, లంగరు దించి, ఆపాడు.

హాలు లేచి నిలబడింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. టీచర్ మాత్రం లేవలేదు. పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, చేతి గడియారం చూసుకున్నారు. పెన్ను మూత పెట్టేశారు.

"ఒరేయ్ ఎలీషా, ఇలా రా. నలభై మూడు నిమిషాలన్నావు. ముప్పై తొమ్మిదికే అయిపోయిందేం?"

ఎలీషా గిటార్ తీగల మీద అరచెయ్యి పెట్టాడు. టైమింగ్ ప్రాక్టీసు గురించి, స్టాప్‌వాచ్ గురించి చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు.

"మూడో భాగంలో ఒక్క స్వరం నిలబెట్టావు చూడు, అక్కడ నాకు ఏదో కనపడబోతోంది. కనపడేలోపు లాగేశావు. ఎవరు తరుముతున్నారు నిన్ను?"

వాడు పాత్రుడు గారి వైపు చూడలేదు. హాలంతా చూసింది.

"మొదట్నుంచి," అని టీచర్ కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి, శాలువా సర్దుకున్నారు.

అప్పలకొండ పాత్రుడు గారి ముఖంలోకి చూశాడు. పాత్రుడు గారు పదిహేడో నియమం మరోసారి చదివి, అందులో సందు ఏదీ లేదని నిర్ధారించుకున్నారు. అది రాసింది ఆయనే. సిబ్బంది కదలరాదు అని ఉంది తప్ప కూర్చోరాదు అని లేదు. ఆయన ముందు వరుసలో ఒక కుర్చీలో కూర్చున్నారు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆ హాల్లో ప్రేక్షకుల వైపు కూర్చోవడం అదే మొదటిసారట, తర్వాత అప్పలకొండ చెప్పాడు. మూడో కెరటంలో దీపస్తంభం స్వరం వచ్చినప్పుడు ఆయన అలవాటుగా గడియారం వైపు చూడబోయి, సగంలో ఆగి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నారట. పన్నెండు సెకన్లూ అలాగే ఉన్నారట.

ఈసారి నలభై మూడు నిమిషాల నాలుగు సెకన్లు పట్టింది. ఆ నాలుగు సెకన్లు వదిలేస్తున్నానని చెప్పి టీచర్ సంతకం పెట్టారు. అప్పుడు లేచారు. ఆవిడ లేచిన మరుక్షణం కరెంటు పోయింది. చీకట్లోనే ఎలీషా ఆ పుస్తకాన్ని గుండెకు అదుముకుని చాలాసేపు నిలబడ్డాడు, తొందరపడకుండా.

పది రోజుల తర్వాత మండలి నుంచి అన్ని కళాసంస్థలకూ ఒక సర్క్యులర్ వచ్చింది. నియమావళిలో పద్దెనిమిదో నియమం చేర్చారు. ఇకమీదట వేదికపై ఆసీనులయ్యే అతిథుల్లో సంగీతం తెలిసినవారు ఎవరూ లేరని నిర్వాహకులు ముందుగానే ధ్రువీకరణ పత్రం సమర్పించవలెను. కింద పాత్రుడు గారి సంతకం ఉంది.

మర్నాడు ఆయన ఫోన్ చేసి, ఆఫీసు పని కాదంటూనే, ఆ దీపస్తంభం ఉన్న డిస్కు ఒకటి ఇంటికి పంపగలరా అని అడిగారు. పూర్తి నిడివిది.